నాన్నగారి డైరీలో 1983

మా నాన్నగారు ఏటా ఎరువుల కొట్టువాళ్ళు ఇచ్చే డైరీలో జమాఖర్చులు రాసుకునేవారు. కూలి డబ్బులు, పాల లెక్క, మధ్యమధ్యలో రేడియోలో విన్న వార్త ఒకటో రెండో. వాటిలో 1983 డైరీ ఈమధ్య అటక మీద దొరికింది. అట్టకు చెదలు పట్టింది గానీ నీలం సిరా అక్షరాలు చెక్కుచెదరలేదు. గుడివాడ దగ్గరి మా ఊళ్ళో అప్పటికి నాకు పదకొండేళ్ళు. ఆ ఏడాదిని నేను ఇన్నాళ్ళూ క్రికెట్ ప్రపంచ కప్పు గెలిచిన సంవత్సరంగానే గుర్తుపెట్టుకున్నాను. డైరీ చదివాక అలా చెప్పుకోవడం నాకు సరిపోవడం లేదు.

జనవరి 9, ఆదివారం పేజీలో ఒక్కటే వాక్యం ఉంది: "రామారావు గారు లాల్ బహదూర్ స్టేడియంలో ప్రమాణం చేశారు." అక్షరాలు మామూలు కంటే పెద్దవిగా ఉన్నాయి. 1982 మార్చి 29న పుట్టిన ఆయన తెలుగుదేశం పార్టీ, 1956లో రాష్ట్రం ఏర్పడిన నాటి నుంచి ఓటమి ఎరుగని కాంగ్రెస్‌ను తొమ్మిది నెలల్లో ఓడించి, 294 స్థానాల శాసనసభలో రెండు వందలకు పైగా గెలుచుకుంది. 1978 నుంచి ఢిల్లీ పెద్దలు నలుగురు ముఖ్యమంత్రులను మార్చి మార్చి పంపడం చూసి విసిగిపోయిన జనానికి ఆత్మగౌరవం అన్న మాట వట్టి నినాదంగా వినిపించలేదు. గుడివాడలోనూ తిరుపతిలోనూ ఆయనే నిలబడి, రెండుచోట్లా గెలిచారు. ఎన్నికలకు ముందు ఒక రాత్రి మా ఊరంతా కాలవగట్టు మీద చైతన్యరథం కోసం ఎదురుచూసింది. సాయంత్రం వస్తుందన్న బండి అర్ధరాత్రి దాటాక వచ్చింది. పాత షెవర్లే వ్యాను పైకెక్కి, ఖాకీ దుస్తుల్లో, బొంగురుపోయిన గొంతుతో ఆయన మాట్లాడుతుంటే మా నాయనమ్మ దణ్ణం పెట్టుకుంది. ప్రమాణం జరిగిన మర్నాడే కర్ణాటకలో రామకృష్ణ హెగ్డే ముఖ్యమంత్రి అయ్యారు. అక్కడ కూడా కాంగ్రెసేతర ప్రభుత్వం రావడం అదే మొదటిసారి.

ఆ గెలుపు నిజంగా ఇళ్ళలోకి అడుగుపెట్టింది మాత్రం ఏప్రిల్ 14న, కిలో రెండు రూపాయల బియ్యం రూపంలో. మనిషికి నెలకు 5 కిలోలు, కుటుంబానికి 25 కిలోల వరకు. వరి పండించే ఊరు కాబట్టి మా ఇంట్లో దాని విలువ వెంటనే అర్థం కాలేదు. మా పొలంలో నాట్లు వేసే ఒకామె చౌకడిపో నుంచి సంచి నెత్తిన పెట్టుకుని వస్తూ మా అరుగు దగ్గర ఆగి, పిడికెడు బియ్యం తీసి అమ్మ చేతిలో పోసి, "చూడండమ్మా, నూకలు కాదు" అంది. మా పొలంలో నాట్లు వేసేది, కోతలు కోసేది ఆమే, కానీ తన ఇంట్లో రెండు పూటలా అన్నం వండింది ఆ వేసవిలోనేనని అమ్మ తర్వాత చెప్పింది. ఆ ప్రభుత్వం చేసిన పనులన్నిటినీ నేను సమర్థించను. ఉద్యోగుల పదవీ విరమణ వయసును ఒక్కసారిగా 58 నుంచి 55కు తగ్గించడం వేలాది కుటుంబాలను కుదిపేసింది, జూలైలో పెద్ద సమ్మెకు దారితీసింది. అయినా ఆ పిడికెడు బియ్యం నా లెక్కలో ఎప్పుడూ పైనే ఉంటుంది.

జూన్ 25 నాటి వార్తను నాన్నగారు మర్నాటి పేజీలో రాశారు: "రాత్రి ఇండియా గెలిచింది. పిల్లలు నిద్రపోలేదు." పోస్టుమాస్టరు గారబ్బాయి షార్ట్‌వేవ్‌లో వింటూ మాకు తెలుగులో చెప్పేవాడు. మనవాళ్ళు 183 పరుగులకే ఆలౌటయ్యారనగానే పెద్దవాళ్ళు లేచి వెళ్ళిపోయారు. రిచర్డ్స్ కొట్టిన బంతిని కపిల్‌దేవ్ వెనక్కి పరుగెత్తి పట్టాడని ఆ అబ్బాయి అరిచిన అరుపుకు మళ్ళీ వచ్చారు. అర్ధరాత్రి కావస్తుండగా వెస్టిండీస్ 140కి కుప్పకూలింది. దానికి వారం ముందు, జూన్ 18న, టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వే మీద 17 పరుగులకే 5 వికెట్లు పడిపోయిన దశ నుంచి కపిల్ చేసిన 175 నాటౌట్ లేకపోతే ఆ ఫైనలే మనకు దక్కేది కాదేమో. ఆ ఇన్నింగ్స్‌కు టీవీ దృశ్యాలు లేవు. ప్రపంచమంతా మాలాగే దాన్ని విని, ఊహించుకోవలసిందే.

సినిమాల సంగతి నాన్నగారు ఖర్చు కిందనే రాశారు. జూన్‌లో వచ్చిన 'సాగర సంగమం' టిక్కెట్లు ఒకచోట, అక్టోబరు 28న వచ్చిన 'ఖైదీ' టిక్కెట్లు ఒకచోట. మొదటిది ఇళయరాజాకు, బాలసుబ్రహ్మణ్యానికి జాతీయ పురస్కారాలు తెచ్చింది, రెండోది చిరంజీవిని తిరుగులేని తారను చేసింది. ఇంత భిన్నమైన రెండు చిత్రాలను ఒకే ఏడాదిలో అంతలా ఆదరించిన ప్రేక్షకుల మీద నాకు చెప్పలేనంత గౌరవం.

ఇక ఫిబ్రవరి. ఓటర్ల జాబితాలు సవరించాలని విద్యార్థి సంఘాలు ఆందోళన చేస్తున్నా అస్సాంలో ఎన్నికలు జరిపించారు. 18వ తేదీ ఉదయం నెల్లీ చుట్టుపక్కల గ్రామాల్లో కొన్ని గంటల్లో రెండు వేల మందికి అటూఇటూగా చంపేశారు. వారిలో అత్యధికులు బెంగాలీ ముస్లింలు, పరుగెత్తలేని ఆడవాళ్ళు, పిల్లలు. ఈ హత్యలకు ఒక్కరికి కూడా శిక్ష పడలేదు. విచారణ సంఘం నివేదిక దశాబ్దాల పాటు ప్రజల ముందుకు రాలేదు. ఈ సంగతి నేను మొదట చదివింది కాలేజీ రోజుల్లో, ఎవరో వదిలేసిన పాత పత్రికలో. నా వయసు పిల్లలు అక్కడ చచ్చిపోతున్నప్పుడు మా ఇల్లు ఏం చేస్తోందన్న ప్రశ్న అప్పటి నుంచి నన్ను వదలలేదు.

అందుకే డైరీ దొరకగానే ముందు ఆ పేజీయే తీశాను. శుక్రవారం. "మినుములు పీకించాను. ఆరుగురు ఆడకూలీలు. సాయంత్రం మబ్బు పట్టింది, కుప్ప మీద పట్టా కప్పించాను." తర్వాతి మూడు రోజులూ మినుముల లెక్కే. నాలుగో రోజు పేజీలో పాల పద్దు కింద, అక్షరాలు చిన్నవి చేసి, "అస్సాంలో చాలామంది పోయారట" అని రాసి, దాని కింద ఏమీ రాయకుండా మిగతా పేజీ వదిలేశారు. ఆ ఏడాది డైరీలో ఆయన ఖాళీగా వదిలిన జాగా అదొక్కటే.