వాచీలో 21.1 అయిపోయింది, ఫినిష్ ఇంకా కనపడలేదు: నా హాఫ్ మారథాన్ అనుభవం

మొన్న ఆదివారం విశాఖ బీచ్ రోడ్డులో హాఫ్ మారథాన్ 1:58:41లో పూర్తిచేశాను. చిప్ టైమ్, అంటే స్టార్ట్ గీత నుంచి ఫినిష్ గీత దాకా రేసు చిప్ లెక్కపెట్టిన టైమ్. మెట్లు దిగాలంటే ఇంకా గోడ పట్టుకోవాల్సి వస్తోంది, అయినా మరిచిపోకముందే రాయాలని కూర్చున్నాను. నిజానికి ఈ రెండు గంటల లోపు టైమ్ నాకు ఆరు నెలల కిందటే, హైదరాబాద్‌లోనే రావాల్సింది. చేతికున్న జీపీఎస్ వాచీని (ఉపగ్రహాల సాయంతో దూరం, వేగం కూడా చూపించేది) ఎలా చదవాలో తెలియక పోగొట్టుకున్నాను.

రిజిస్ట్రేషన్, బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే నంబరు) తెచ్చుకోవడం, పదహారు వారాల ట్రైనింగ్, వీటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పొద్దున్నే లేవగలిగితే అన్నీ అవే జరిగిపోతాయి.

హైదరాబాద్ రేసుకు నేను వేసుకున్న లెక్క ఇది. హాఫ్ అంటే 21.0975 కిలోమీటర్లు. కిలోమీటరుకు 5 నిమిషాల 40 సెకన్ల చొప్పున పరుగెత్తితే 1:59:33. ఇంకా 27 సెకన్లు మిగులు. ఇంట్లో, ఆఫీసులో, మా రన్నింగ్ గ్రూపులో అందరికీ చెప్పేశాను, ఈసారి రెండు గంటల లోపే అని. మా ఆవిడ, మా అబ్బాయి నాలుగున్నరకే లేచి నాతో వచ్చారు.

రూట్ మాదాపూర్, హైటెక్ సిటీ వైపు. మొదటి కిలోమీటరు బోర్డుకు పది అడుగుల ముందే వాచీ మోగింది. అయిదో బోర్డు దగ్గర వాచీ 5.06 చూపిస్తోంది. బోర్డులు సరిగ్గా పెట్టలేదనుకున్నాను. మైండ్‌స్పేస్ అండర్‌పాస్‌లోకి దిగగానే పేస్, అంటే కిలోమీటరుకు పట్టే టైమ్, 7:10 అని చూపించింది. కంగారుపడి వేగం పెంచాను. పైకి వచ్చేసరికి 4:20 అంది. మళ్ళీ తగ్గించాను. ఆ తగ్గించడం, పెంచడంలోనే సగం దమ్ము పోయింది. పదో బోర్డు దగ్గర వాచీలో 10.15.

నేను మొదలుపెట్టింది రెండు గంటల పేసర్ బస్‌లోనే. బస్ అంటే, బెలూన్లు కట్టుకుని రెండు గంటల లెక్కతో పరుగెత్తే పేసర్ వెనక వెళ్ళే గుంపు. ఆరో కిలోమీటరు దాటాక వాళ్ళు కొంచెం కొంచెంగా ముందుకు జరుగుతున్నారు. పేసర్ వెనక్కి తిరిగి, "రండి సార్, కరెక్ట్ టైమ్‌లోనే ఉన్నాం" అని కేకేశాడు. నా వాచీలో సగటు పేస్ 5:40. ఈ అబ్బాయి తొందరపడుతున్నాడు, చివర్లో వీళ్ళంతా చతికిలపడతారు అనుకుని వదిలేశాను. పన్నెండో కిలోమీటరుకల్లా వాళ్ళ బెలూన్లు నూటయాభై మీటర్ల ముందుకెళ్ళిపోయాయి. కళ్ళెదుట కనిపిస్తున్న మనిషిని నమ్మకుండా మణికట్టు మీద అంకెను నమ్మాను. ఇప్పటికీ అది తలుచుకుంటే బాధగానే ఉంటుంది.

వాచీలో 20.7 దాటగానే ఉన్న శక్తంతా పెట్టి పరుగు తీశాను. ఇంకో నాలుగు వందల మీటర్లే కదా. 21.1 అయింది. టైమ్ 1:59:31. ఎదురుగా ఫినిష్ ఆర్చ్ లేదు. మలుపు ఉంది. మలుపు తిరిగితే, దూరంగా, మూడు వందల మీటర్లకు పైగా అవతల ఆర్చ్ కనపడింది. కాళ్ళలో ఇంకేమీ మిగల్లేదు. నా కళ్ళముందే వాచీలో రెండు గంటలు దాటాయి. గీత దాటేసరికి 2:01:26, వాచీలో దూరం 21.42. మా అబ్బాయి పరుగెత్తుకొచ్చి "నాన్నా, అయిందా?" అని అడిగాడు. ఏం చెప్పను?

తిన్నగా రిజల్ట్స్ కౌంటర్‌కి వెళ్ళాను. మీ రూట్ మూడు వందల మీటర్లు ఎక్కువుంది, చూడండి అని వాచీ చూపించాను. అక్కడున్నతను నా చేతి వంక కూడా చూడలేదు. "మీ వాచీ కోసం మేం రోడ్డు మార్చలేం సార్" అని, పక్కవాడితో "ఇంకొకాయన వచ్చాడు" అని నవ్వాడు. వెనక లైన్లో ఉన్నవాళ్ళూ నవ్వారు. నా పక్కనే మావాడు నిలబడి ఉన్నాడు. తప్పు నాదే అని తర్వాత తెలిసింది, ఒప్పుకుంటాను. కానీ అడిగినవాడికి రెండు ముక్కల్లో చెప్పొచ్చు కదా? డబ్బు కట్టి, చీకట్లో లేచి వచ్చి పరుగెత్తినవాళ్ళం. తెలియకపోవడం నేరం కాదు. ఆ కౌంటర్‌లో కూర్చునేవాళ్ళకు ముందు మర్యాద నేర్పాలి, రిజల్ట్స్ సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత.

ఆ రెండు ముక్కలు చెప్పింది ఉప్మా లైన్లో నా వెనకున్న ఒక పెద్దాయన. అరవై దాటి ఉంటాయి. ఒకప్పుడు రూట్లు కొలిచే పనిలో సాయం చేశారట. తిన్న కాగితం ప్లేటు తిరగేసి, బిబ్‌కి పెట్టుకున్న పిన్నీసు తీసి దాని మీద గీశారు. రెండు మలుపుల రోడ్డు. "ఇదిగో బాబూ, కొలిచేవాళ్ళు ఇలా వెళ్తారు" అని ఒక మలుపు లోపలి అంచు నుంచి ఇంకో మలుపు లోపలి అంచుకు ఐమూలగా గీత లాగారు. అంచుకు ముప్ఫై సెంటీమీటర్ల దూరంలో, అంతకంటే దగ్గర దారి లేనంత దగ్గరగా. "మీరు ఇలా వెళ్తారు" అని రోడ్డు మధ్యలోంచి ఇంకో గీత గీశారు. రెండో గీత ఎంత పొడవో చూస్తేనే తెలుస్తోంది. తొంభై డిగ్రీల మలుపు ఒక్కటి ఆరు మీటర్లు ఎడంగా తిరిగితే తొమ్మిది మీటర్లు అదనంగా పరుగెత్తినట్టే.

కొలిచేది సైకిల్‌తో. ముందు చక్రానికి జోన్స్ కౌంటర్ అనే చిన్న పరికరం బిగిస్తారు, చక్రం తిరిగిన లెక్క అందులో పడుతుంది. అంతకుముందు స్టీలు టేపుతో కొలిచిన తిన్నటి రోడ్డు మీద నాలుగుసార్లు తొక్కి, ఎన్ని అంకెలు పడితే ఒక కిలోమీటరో తేల్చుకుంటారు. పని అయ్యాక మళ్ళీ నాలుగుసార్లు తొక్కుతారు, ఎండకు టైరులో గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి. ఇంతా చేసి, పొరపాటున కూడా దూరం తగ్గకూడదని కిలోమీటరుకు ఒక మీటరు కావాలనే కలుపుతారు. 1981 న్యూయార్క్ మారథాన్‌లో అమెరికా రన్నర్ ఆల్బర్టో సలజార్ ప్రపంచ రికార్డు కొట్టాడన్నారు, తర్వాత కొలిస్తే రూట్ నూటయాభై మీటర్ల దాకా తక్కువని తేలింది. అలాంటివి జరక్కుండానే ఈ జాగ్రత్త. అంటే సరిగ్గా కొలిచిన రూట్‌లో మామూలుగా వాచీ 21.1 కంటే ఎక్కువే చూపిస్తుంది. ఇంత చిన్న విషయం నాకు మూడేళ్ళుగా ఎవరూ చెప్పలేదు.

మిగతాది జీపీఎస్ తప్పు. ఉపగ్రహాలు ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. ఆ సిగ్నల్ అద్దాల బిల్డింగులకు తగిలి తిరిగొస్తే కాస్త ఆలస్యంగా అందుతుంది, వాచీ మనం పక్క సందులో ఉన్నామనుకుంటుంది. తర్వాత మ్యాప్ పెద్దది చేసి చూశాను. నా గీత మెట్రో పిల్లర్ల దగ్గర ఆ పక్క నుంచి ఈ పక్కకు వంకర్లు తిరిగింది. ఆ వంకర్లన్నీ దూరంలో కలిసిపోయాయి.

వాచీల షాపులో ఒకతను, ఉపగ్రహాల సిగ్నల్ రెండు ఫ్రీక్వెన్సీల్లో అందుకునే మోడల్ కొంటే సమస్య తీరిపోతుందన్నాడు. నలభై వేల పైమాట. మా గ్రూపులో ఒకరికి అదే ఉంది, ఆ రోజే అదే రూట్‌లో 21.29 చూపించింది. నాకంటే నయమే. కానీ ఐమూలగా వెళ్ళడం ఏ వాచీ నేర్పదు. నేను కొనలేదు. ఆ డబ్బుతో రెండు జతల బూట్లు కొన్నాను.

తర్వాత గచ్చిబౌలి స్టేడియం ట్రాక్ మీద మొదటి లేన్‌లో పన్నెండున్నర రౌండ్లు వేశాను. అచ్చంగా అయిదు కిలోమీటర్లు. వాచీలో 5.09. అప్పుడు గట్టిగా నిర్ణయించుకున్నాను, రేసులో వాచీని గడియారంలాగే వాడాలి, దూరం మాత్రం రోడ్డు మీద బోర్డులే చెప్పాలి.

ఆటో ల్యాప్, అంటే ప్రతి కిలోమీటరుకు వాచీ తనంతట తానే మోగి టైమ్ లెక్కకట్టడం, తీసేశాను. ప్రతి బోర్డు దగ్గర బటన్ నేనే నొక్కుతాను. తెర మీద రెండే అంకెలు ఉంచాను, మొత్తం టైమ్, ఈ ల్యాప్ టైమ్. క్షణక్షణం మారే పేస్‌ని పూర్తిగా తీసేశాను. ఆటో పాజ్ కూడా తీసేయండి. నీళ్ళ దగ్గర ఆగితే వాచీ ఆగుతుంది, గీత దగ్గర చిప్‌ను చదివే టైమింగ్ మ్యాట్ లెక్క ఆగదు. "వాచీలో నాది 1:57" అని పోస్టులు పెట్టేవాళ్ళు చాలామంది ఇలాంటివాళ్ళే. రిజల్ట్‌లో ఉన్నదే మన టైమ్, అది ఎంతైనా సరే ఒప్పుకోవాలి.

విశాఖ రేసుకు 5:40 బదులు 5:37కి లెక్కవేసి కాగితం పట్టీ రాసుకున్నాను. 5 కిలోమీటర్లకు 28:05, 10కి 56:10, 15కి 1:24:15, 20కి 1:52:20. రెండు వైపులా సెల్లో టేపు అంటించాలి, లేకపోతే చెమటకు పదో కిలోమీటరుకే అక్షరాలు పోతాయి.

విశాఖలో ఒక పక్క సముద్రం, పైన ఖాళీ ఆకాశం, ఎత్తైన అద్దాల గోడల గొడవ లేదు. అయినా ఏడో బోర్డు దగ్గర ల్యాప్ 5:58 వచ్చింది. పాత నేనైతే అక్కడే టెన్షన్ పడి వేగం పెంచేవాణ్ణి. ఆగాను. ఎనిమిదో ల్యాప్ 5:14. రెండూ కలిపితే సరిగ్గా 5:36 సగటు. బోర్డు కాస్త ముందుకు పెట్టారంతే. ఒక్క బోర్డును చూసి ఎప్పుడూ కంగారుపడొద్దు.

మలుపు వచ్చినప్పుడల్లా ఆ కాగితం ప్లేటే గుర్తొచ్చింది. పక్కవాళ్ళంతా రోడ్డు మధ్యలో గుంపుగా వెళ్తుంటే నేను లోపలి అంచుకు వెళ్ళిపోయాను. చివరి అయిదు కిలోమీటర్లలో చాలామందిని దాటాను, నన్ను దాటినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. ఇరవై దగ్గర 1:52:31. పట్టీ కంటే పదకొండు సెకన్లు వెనక. వాచీలో దూరం ఎంతో నాకు తెలియదు, తెర మీద లేదు. ఆర్చ్ కనపడ్డాకే వేగం పెంచాను.

గీత దాటాక సేవ్ చేస్తే చూపించింది, 21.23. మావాడికి ఫోన్ చేసి టైమ్ చెప్పాను. వాడు మళ్ళీ అదే అడిగాడు, "నాన్నా, అయిందా?" అయిందిరా అన్నాను.