పూడిమడక: సూర చేపల ఒడ్డు, సెజ్ దారి

అనకాపల్లిలో రైలు దిగి మునగపాక, అచ్యుతాపురం మీదుగా పూడిమడక అనే జాలర్ల ఊరికి వెళ్ళాం. చీకటితోనే బయలుదేరడం మేలు. అచ్యుతాపురం కూడలిలో షిఫ్టు బస్సులు, కంటైనర్లు, షేర్ ఆటోలు ఒకేసారి కలుస్తాయి. బ్రాండిక్స్ దుస్తుల పరిశ్రమకు వెళ్ళే ఆడపిల్లల బస్సులే వరసగా పోతుంటాయి. అక్కడ ఇరుక్కుంటే ఒడ్డు చేరేలోపు చేపల వేలంపాట అయిపోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఆ 61 రోజుల్లో వెళ్ళినా పెద్దగా చూసేదేమీ ఉండదు, వల బాగుచేతలు తప్ప.

సూర చేపకు ఇక్కడివాళ్ళు వలకంటే గేలాన్నే నమ్ముతారు. సూర అంటే ట్యూనా. ఫైబర్ బోటులో నలుగురైదుగురు ఐసు, నీళ్ళు, బియ్యం, డీజిలు వేసుకుని రోజుల తరబడి లోపలే ఉంటారు. చిన్న చేపనో కందవానో (స్క్విడ్) ఎరగా గుచ్చి, లావుపాటి నైలాన్ తాడు వదులుతారు. పెద్ద సూర పడితే వెంటనే లాగరు. తాడు వదులుతూ, బిగిస్తూ అలిసిపోనిస్తారు. ఆ తాడును చేతికి చుట్టుకోవడమే అన్నిటికంటే ప్రమాదం. గేలానికి కొమ్ము కోనాం (బల్లెంలాంటి పొడవాటి ముక్కున్న పెద్ద చేప) పడితే మనిషిని కూడా నీళ్ళలోకి ఈడ్చుకుపోగలదు.

అసలు నష్టం చేప పడ్డాక మొదలవుతుంది. పెనుగులాటలో సూర ఒళ్ళు వేడెక్కుతుంది. వెంటనే నెత్తురు వదిలించి, పేగులు తీసి, పొట్ట లోపల కూడా ఐసు నింపకపోతే మాంసం గోధుమరంగుకు తిరిగి మెత్తబడుతుంది. ఎగుమతి ధర పోయినట్టే. బరువుకు సమానంగా ఐసు ఉండాలని లెక్క. కానీ ఐసు ఎక్కువ వేస్తే బోటులో చేపకు చోటు తగ్గుతుంది. ఆ బేరీజు తప్పిన బోటు సరుకు ఒడ్డున ఇట్టే తెలిసిపోతుంది. పాట దగ్గర ఆడవాళ్ళు మొప్ప ఎత్తి చూసి, మాట్లాడకుండా పక్కనున్న చేపల గుట్ట దగ్గరికి నడిచారు.

ఒడ్డు దగ్గర చేప తగ్గిందని, అచ్యుతాపురం సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) పరిశ్రమల నుంచి సముద్రంలోకి వదిలే నీరే అందుకు కారణమని ఊళ్ళో చాలామంది అంటారు. కారణం ఏదైనా, దూరం పెరిగితే డీజిలు పెరుగుతుంది, ఐసు పెరుగుతుంది, రోజులు పెరుగుతాయి. పట్టిన చేప ధర మాత్రం అదే. ఊరి లెక్కలన్నీ అక్కడే చెడుతున్నాయనిపించింది. సెజ్‌లో ఉద్యోగాలున్నాయి, నిజమే. కానీ 2024 ఆగస్టు 21న అక్కడి ఔషధ పరిశ్రమలో పేలుడుకు 17 మంది చనిపోయారన్న సంగతి ఇక్కడ ఎవరూ మరచిపోలేదు.

ఇప్పుడు మరో పెద్ద పని వస్తోంది. పూడిమడక దగ్గరే ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు, అంటే ఎండ, గాలి కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసే కేంద్రానికి, 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. లక్ష్యం రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్. కిలో హైడ్రోజన్‌కు కనీసం 9 కిలోల శుద్ధమైన నీరు కావాలి, అంటే రోజుకు 13,500 టన్నులు. చల్లబరచడానికి వాడేది ఇందులో లేదు. ఉప్పునీటిని శుద్ధి చేస్తే మిగిలే చిక్కటి ఉప్పునీరు ఎక్కడ వదులుతారన్నది జాలరి అడగాల్సిన మొదటి ప్రశ్న.

ఈ తీరంలో స్నానానికి దిగకండి. 2022 జూలైలో ఇంజినీరింగ్ విద్యార్థులు మునిగిపోయింది ఇక్కడే. చేప కొనేటట్టయితే సూర మాంసం ఎర్రగా ఉందో లేదో చూడండి. ఎండలో పడి ఉన్న సూరలో పుట్టే హిస్టమిన్ ఎంత ఉడికించినా పోదు, తిన్నాక ఒళ్ళంతా దద్దుర్లు, తలనొప్పి. థర్మోకోల్ పెట్టె, ఐసు మీరే తెచ్చుకోండి. తిరుగు దారిలో అచ్యుతాపురం కూడలి దాటేసరికి ఎంతసేపవుతుందో చెప్పలేం.