ముసలి కుక్కకు రాత్రి నిద్ర పట్టించడం: నా అనుభవం

మా కుక్కకు 13 ఏళ్లు, బరువు 18 కిలోలు. పగలంతా మత్తుగా పడుంటాడు, అర్ధరాత్రి దాటితే లేచి ఇల్లంతా తిరుగుతాడు, మూలుగుతాడు. నిద్రమాత్ర వేస్తే సరిపోతుందని చాలామంది చెప్పారు. కానీ ఎందుకు లేస్తున్నాడో తెలియకుండా మత్తు ఇస్తే నొప్పి ఉన్నచోటే ఉంటుంది, దాన్ని చెప్పుకునే ఓపిక మాత్రం కుక్కకు పోతుంది. అందుకే మాత్ర సంగతి చివరికి పెట్టుకున్నాను.

ముందుగా 10 రాత్రులు నోట్‌బుక్‌లో రాశాను: ఎన్నింటికి లేచాడు, లేచిన మొదటి నిమిషంలో ఏం చేశాడు, మళ్లీ ఎప్పుడు పడుకున్నాడు. అసలు గుట్టు ఆ మొదటి నిమిషంలోనే ఉంటుంది. తిన్నగా బయటి తలుపు దగ్గరికి పోతే మూత్రం కోసం. ముందుకాళ్లు లేచి నడుము లేవక ఆగినా, పడుకోబోయి నాలుగైదు చుట్లు తిరిగి ఒళ్లు వంచలేక మళ్లీ నిలబడ్డా నొప్పి. ఊరికే గోడకేసి చూస్తున్నా, తలుపు తెరుచుకునే వైపు వదిలేసి మడతబందుల వైపు నిలబడి ఎదురుచూస్తున్నా మెదడుకు ముసలితనం వచ్చిందేమో చూడాలి. కళ్లు సరిగా కనపడకపోయినా ఇలా తడబడతాయి, ఆ తేడా డాక్టరే తేల్చాలి.

ఆ పది రోజుల్లోనే నీళ్లు కూడా కొలిచాను. పొద్దున గిన్నెలో 1500 మి.లీ. పోసి, మధ్యలో కలిపినవి రాసుకుని, 24 గంటల తర్వాత మిగిలినవి ఆ మొత్తంలోంచి తీసేస్తే ఎన్ని తాగాడో తెలుస్తుంది. కిలో బరువుకు రోజుకు 100 మి.లీ. దాటి తాగుతుంటే కిడ్నీ, షుగర్, హార్మోన్ జబ్బుల కోసం పరీక్ష చేయించాలి. మావాడు 1000 దగ్గర ఆగాడు, ఇబ్బంది లేదు. రాత్రి మూత్రానికి లేస్తున్నాడని సాయంత్రం నుంచి నీళ్లగిన్నె తీసేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. కిడ్నీలు దెబ్బతిన్న కుక్క ఎక్కువ తాగేదే బయటికి పోయిన నీటిని పూడ్చుకోవడానికి. గిన్నె తీసేస్తే ఒళ్లు ఎండిపోయి జబ్బు ముదురుతుంది.

ఇంకో లెక్క ఊపిరి. గాఢనిద్రలో ఉన్నప్పుడు, కలలో కాళ్లు కదిలించని సమయంలో, పక్కటెముకలు పైకి లేచి దిగితే ఒకటిగా నిమిషం పాటు లెక్కపెట్టాలి. రోజూ 30 దాటుతుంటే గుండె, ఊపిరితిత్తులు చూపించాలి. ఆయాసంతో లేచే కుక్కకు పరుపు మార్చి లాభం లేదు.

డాక్టర్ దగ్గరికి నోట్‌బుక్, ఫోన్లో తీసిన మూడు రాత్రుల వీడియో, పొద్దున్నే పట్టిన మొదటి మూత్రం తీసుకెళ్లాను. మూత్రం పట్టడానికి పొడవాటి కాడ ఉన్న గరిటె వాడాను. రక్తపరీక్ష, బీపీ బాగానే ఉన్నాయి. తుంటి కీళ్లు అరిగాయి. కిడ్నీ, లివర్ ఫలితాలు చూశాకే నొప్పిమందు రాశారు, తిండితోనే వేయమన్నారు. వాంతులు, నల్లటి విరేచనం కనిపిస్తే ఆపి వెంటనే ఫోన్ చేయాలి. మనం వేసుకునే ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ సొంతంగా వేస్తే కుక్క ప్రాణానికే ముప్పు.

పరుపు సంగతి మందంత ముఖ్యం. పాతది పిడికిలితో గట్టిగా నొక్కితే చెయ్యి నేలకు తగిలేది, అంటే తుంటి ఎముకా తగిలినట్టే. 10 సెం.మీ. మందం ఉన్న గట్టి ఫోమ్ వేసి, లోపల తడి దిగని తొడుగు, పైన ఉతుక్కునే గుడ్డ తొడిగాను. అంచు ఎత్తుగా ఉండకూడదు, ముసలి కుక్కలు కాలు ఎత్తి దాటలేవు. పరుపు నుంచి నీళ్లగిన్నెకు, అక్కణ్నుంచి తలుపుకు మధ్యలో ఖాళీ లేకుండా రబ్బరు మ్యాట్లు పరిచాను. ఒక్క అడుగు ఖాళీ వదిలినా అక్కడే జారి కూలబడేవాడు, ఆ తర్వాత గంటసేపు పడుకునేవాడు కాదు. అరికాలి మెత్తల మధ్య వెంట్రుకలు కత్తిరించి గోళ్లు తీశాక జారడం బాగా తగ్గింది.

సాయంత్రం తిండి 7కి. చివరిసారి బయటికి 10:30కి. కొన్ని ముసలి కుక్కలు ఒక్కసారికే మూత్రాశయం పూర్తిగా ఖాళీ చేయవు. మొదటిసారి పోశాక ఐదు నిమిషాలు నెమ్మదిగా తిప్పి రెండోసారి పోశాకే లోపలికి తెస్తాను. మేం మంచి నిద్రలో ఉండగా 1:30కి లేవడం దీంతోనే ఆగింది.

పగటి నిద్ర తగ్గించకపోతే రాత్రి నిద్ర రాదు. పొద్దున ఎండ వెలుతురులో 20 నిమిషాలు, మధ్యాహ్నం, సాయంత్రం చెరో 15 నిమిషాలు వాసన చూసుకుంటూ నడవనిస్తాను. వినికిడి తగ్గింది కాబట్టి నిద్రలో హఠాత్తుగా ముట్టుకోను. నేలమీద అరచేత్తో తట్టి, వేళ్లు ముక్కు దగ్గర పెడితే ముందు ముక్కుపుటాలు కదులుతాయి, తర్వాత కళ్లు తెరుస్తాడు. పరుపు పక్కన నేల ఎత్తులో చిన్న నైట్ లైట్ రాత్రంతా వెలుగుతుంది. సామాన్లు జరపను.

నేను చేసిన తప్పులు రెండు. మూలిగినప్పుడు బిస్కెట్ ఇచ్చాను. మూడో రాత్రికి బిస్కెట్ కోసమే లేవడం మొదలుపెట్టాడు. విడిగా గదిలో పెట్టి తలుపేస్తే గోకి గోకి గోరు చీరుకున్నాడు. ఇప్పుడు పరుపు నా మంచం పక్కనే ఉంది. లేస్తే మెడపట్టీ వేసి, మాట్లాడకుండా, పెద్ద లైటు వెయ్యకుండా బయటికి తీసుకెళ్లి ఐదు నిమిషాల్లో తెచ్చేస్తాను.

నొప్పి తగ్గాక కూడా గోడకేసి నిలబడటం మిగిలింది. డాక్టర్ కళ్లు కూడా చూసి, మెదడు ముసలితనానికి వాడే సెలెజిలిన్ అనే మందు రాశారు. దాన్ని పొద్దునే వేయాలి, సాయంత్రం వేస్తే నిద్ర ఇంకా చెడవచ్చు. ఫలితం తెలియడానికి వారాలు పడుతుంది. ట్రమడాల్ అనే నొప్పిమందుతో, కొన్ని డిప్రెషన్ మందులతో కలవకూడదు కాబట్టి ఇంట్లో వేస్తున్న ప్రతి మాత్రా డాక్టర్‌కి చెప్పాలి. రాత్రి పడుకునే గంట ముందు మెలటోనిన్ (నిద్రకు సాయపడే హార్మోన్) 3 మి.గ్రా. కూడా ఆయనే చెప్పారు. మనుషుల కోసం చేసే మెలటోనిన్ కొన్నిట్లో తీపి కోసం జైలిటాల్ కలుపుతారు, అది కుక్కలకు విషం. లేబుల్ మొత్తం చదవకుండా వేయొద్దు. అలర్జీకి వాడే డైఫెన్‌హైడ్రమిన్ మత్తు తెస్తుంది కానీ తికమక పడుతున్న మెదడును ఇంకా తికమక పెట్టవచ్చు, నేను దాని జోలికి పోలేదు.

ఆరో వారానికి నాలుగుసార్లు లేవడం ఒక్కసారికి వచ్చింది, అదీ 4 దాటాక, తిన్నగా తలుపు దగ్గరికే. నోట్‌బుక్ ఇంకా రాస్తూనే ఉన్నాను. వరసగా మూడు రాత్రులు లెక్క మారితే మందు పెంచమని అడగను, ముందు మూత్రం పరీక్షకు ఇస్తాను.