కండర బయాప్సీలో కనిపించిన నల్లని కడ్డీలు: నా అనుభవం

నేను విశాఖపట్నంలో పాథాలజీ పీజీ చేస్తున్న కాలంలో, నడక ఆలస్యమైన ఒక పిల్లవాడి తొడ కండరం బయాప్సీ నా చేతికి వచ్చింది. గడ్డకట్టించి పలుచగా కోసిన ముక్కకు (ఫ్రోజెన్ సెక్షన్) గొమోరి ట్రైక్రోమ్ రంగు వేసి చూస్తే, నీలాకుపచ్చ తంతువుల మధ్య ఎర్రటి చుక్కలు గుంపులుగా కనిపించాయి. 1963లో తొలిసారి వర్ణించిన నెమలీన్ మయోపతీ, అంటే కండర తంతువుల్లో కడ్డీల్లాంటి ఆకారాలు పేరుకునే జన్యుసంబంధ కండర జబ్బు, వెంటనే స్ఫురించింది. కణజాలం చెడకుండా నిలిపే గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో విడిగా ఉంచిన చిన్న ముక్కను, మన ఎండలకు పాడవకుండా, అలాగని గడ్డకట్టకుండా, ఐస్ బాక్సులో పెట్టి వేరే ఊరిలోని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ ల్యాబ్‌కు పంపాము.

చిత్రాలు వచ్చాక అసలు పని మొదలైంది. ఎర్రటి చుక్కలుగా కనిపించినవి ఇక్కడ కడ్డీలుగా, జెడ్ డిస్కు (కండర తంతువులో ఆక్టిన్ ప్రోటీన్ పోగులను పట్టి ఉంచే అడ్డగీత) అంత నల్లగా ఉన్నాయి. సన్నని ఆక్టిన్ తంతువులు వాటి కొసల్లోకి చొచ్చుకుపోతున్నాయి. మాగ్నిఫికేషన్ పెంచితే లోపల గళ్ల చీర నేతలాంటి అమరిక తేటగా కనిపించింది. అయితే అదే చిత్రం అంచున కొల్లాజెన్ కట్టలూ, వేళ్లలా ముడతలు పడిన కణపొరా ఉన్నాయి. అది కండరం స్నాయువుతో (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం, టెండన్) కలిసే చోటు. ఆరోగ్యవంతుల్లో కూడా అక్కడ ఇటువంటి కడ్డీలు కనిపించవచ్చు కాబట్టి, ఆ ఒక్క చిత్రాన్ని నమ్మి రిపోర్టు రాయడానికి నాకు మనసొప్పలేదు.

మా మేడమ్ అనుమతితో రెసిన్‌లో పొదిగిన మరో కండరపు ముక్క (బ్లాకు) నుంచి ఒక మైక్రాన్ మందం సెక్షన్లు కోయించి, టోలుయిడిన్ బ్లూ రంగుతో స్నాయువుకు దూరంగా ఉన్న తంతువులను ఎంపిక చేయించాను. సుమారు 70 నానోమీటర్ల మందపు సెక్షన్‌లో కనిపించేది ఎంత చిన్న భాగమో తలచుకుంటే ఈ ఎంపికే సగం రోగనిర్ధారణ అనిపిస్తుంది. ఉబ్బిన మైటోకాండ్రియాలనూ, పొరలు పొరలుగా చుట్టుకున్న మయలిన్ ఆకారాలనూ ఫిక్సేషన్ (కణజాలాన్ని ద్రావణంలో నిలిపి ఉంచడం) లోపాలుగానే లెక్కగట్టాను. అక్కడక్కడా చెదిరిన జెడ్ గీతలకు కూడా ప్రత్యేకమైన అర్థం ఆపాదించలేదు. కడ్డీలు మాత్రం ఈ తంతువుల్లోనూ, కణపొర కిందా, కేంద్రకాల పక్కనా గుంపులుగా ఉన్నాయి.

అప్పుడు రిపోర్టులో నెమలీన్ మయోపతీ అని రాసి, జన్యు పరీక్ష సూచించాము. "డాక్టరమ్మా, ఫొటోలో రోగం తెలిసిపోయినట్టేనా?" అని తల్లి అడిగింది. జబ్బు ఏ కోవకు చెందినదో తెలిసిందనీ, నెబ్యులిన్, ఆక్టిన్ వంటి ప్రోటీన్ల జన్యువుల్లో లోపం దేనిలో ఉందో రక్తపరీక్షలో వెతకాలనీ చెప్పాను.