తాగనివాళ్లకు లివర్ జబ్బు ఎందుకొస్తుంది?

"చుక్క కూడా ముట్టను, నా లివర్ ఎందుకు పాడైంది?" ఆస్ట్రేలియా ఉత్తరాన ఉన్న డార్విన్ నగరంలో నర్సుగా నేను తరచూ వినే ప్రశ్న ఇది. ఇక్కడి ఆర్నెమ్ ల్యాండ్ ప్రాంతం నుంచి వచ్చే అబోరిజినల్ (ఆస్ట్రేలియా ఆదివాసి) ఆడవాళ్లు అడుగుతుంటారు, అదీ సిగ్గుపడుతూ. ఆ సిగ్గు చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

వాళ్లకున్నది హెపటైటిస్ బి, వైరస్ వల్ల లివర్‌కు వచ్చే జబ్బు. దానికి తాగుడు కారణం కాదు. ఇక్కడ ఎక్కువమందికి కాన్పులో తల్లి నుంచో, పసితనంలో తోటి పిల్లల నుంచో అంటుకున్నదే. పుట్టగానే సోకితే పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి అది జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. ఉండిపోయినవాళ్లకు ఏళ్ల తరబడి నొప్పీ ఉండదు, కళ్లూ పచ్చబడవు. అందుకే రక్తపరీక్ష తప్ప దారి లేదు. (మన ఊళ్లలో కామెర్లకు పసరు మందు తాగి, కళ్లు తెల్లబడగానే తగ్గిపోయిందనుకునేవాళ్లు కూడా ఈ పరీక్ష చేయించుకోవాలి.)

ఈ వైరస్‌లో చాలా జన్యురకాలున్నాయి. మన దేశంలో ఎక్కువగా డి, ఎ కనిపిస్తాయి. ఇక్కడి అబోరిజినల్ ప్రజల్లో ఉన్నది సి4, వాళ్లలో తప్ప ఇంకెక్కడా కనబడని రకం. లివర్ ముదిరి పాడవడానికి, క్యాన్సర్‌కు దారితీసే జన్యుమార్పులు దీనిలో ఎక్కువ. అందుకే ఆరునెలలకోసారి రక్తపరీక్ష, అవసరమైనవాళ్లకు స్కానింగ్ తప్పనిసరి అని నేను పట్టుబడతాను. మందు అవసరమైనవాళ్లకు వైరస్‌ను అణచి ఉంచే టెనోఫోవిర్ మాత్ర రోజుకొకటి చాలు.

1960లలో అమెరికా శాస్త్రవేత్త బరూచ్ బ్లమ్‌బర్గ్ ఈ వైరస్ తాలూకు ప్రోటీన్‌ను మొదట గుర్తించింది ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలోనే. 'ఆస్ట్రేలియా యాంటిజెన్' అన్నారు. 1976లో ఆయనకు నోబెల్ వచ్చింది. టీకాలో ఉండేది ఆ ప్రోటీనే. 1997లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్ కంపెనీ చవకగా తెచ్చిన టీకా కూడా అదే.

అలాంటిది, ఆ ప్రజల్లోనే ఒకావిడకు ఏళ్ల క్రితం ఎక్కడో "పాజిటివ్" అని ఇంగ్లీషులో ఒక్కమాట చెప్పి పంపేశారు. నాకు కోపం వచ్చింది. ఆర్నెమ్ ల్యాండ్‌లో మాట్లాడే యోల్ఙు మాతా భాషలో తయారైన 'హెప్ బి స్టోరీ' యాప్‌ను ఆవిడతో కలిసి మొదటి నుంచి చివరిదాకా చూశాను. అయ్యాక ఆవిడ అడిగింది తన గురించి కాదు, "నా పిల్లలకు ఎప్పుడు పరీక్ష చేస్తారు?" అని. ఆ వారమే చేయించాం.