హంపీలో బండలు ఎక్కాలనుంటే ముందు వేళ్ల సంగతి చూసుకోండి

చలికాలం వస్తోందనగానే మా వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు "ఈసారి హంపీ, బ్యాగు తగిలించుకుని పోదాం, క్లైంబింగ్ కూడా చేద్దాం" అని మొదలుపెడతారు. గంటలో ఎక్సెల్ షీట్ రెడీ. ఒకరోజు హంపీ, ఒకరోజు బాదామి, ఇంకోరోజు పట్టదకల్లు, మధ్యలో ఖాళీ దొరికితే క్లైంబింగ్. ఇలా వెళ్తే తిరగడం అవుతుంది గానీ ఎక్కడం అవదు. నిజంగా బండ ఎక్కాలనే ఉంటే ప్లాన్ వేసేటప్పుడు ముందు చూడాల్సినవి రెండే: ఎండ, మీ వేళ్ల చివర చర్మం.

చర్మం అంటే నవ్వుతారు, తెలుసు. హంపీ రాయి గ్రానైట్, దగ్గరగా చూస్తే పైనంతా గరుకు పలుకులు తేలి ఉంటాయి. షూ రబ్బరు రాయిని పట్టుకునేది ఆ గరుకు వల్లే, వేళ్లు గీరుకుపోయేదీ దానివల్లే. మొదటి పూట హుషారులో ఒకే గుండు మీద మళ్లీ మళ్లీ పడ్డారంటే సాయంత్రానికి వేళ్లు ఎర్రగా కందిపోయి, టీ గ్లాసు పట్టుకున్నా చురుక్కుమంటుంది. కండల్లో బలం ఇంకా ఉంటుంది, చర్మం మాత్రం ఉండదు. అందుకే వరసగా అన్ని రోజులూ ఎక్కుదామని పెట్టుకోవద్దు. ఒకరోజు ఎక్కి, మర్నాడు పుట్టిలో ఏరు దాటడమో, విఠ్ఠలాలయం చూడటమో, అంజనాద్రి మెట్లెక్కడమో పెట్టుకుంటే మూడో రోజుకి వేళ్లు మళ్లీ మాట వింటాయి.

ఎండ సంగతి ఇంకా సింపుల్. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే మజా. ఆ నెలల్లో కూడా పొద్దున తొమ్మిదిన్నర, పది దాటితే బండ వేడెక్కి, చేతులకు చెమట పట్టి జారుతుంది, చాక్ (చెమట పీల్చే సుద్దపొడి) ఎంత పూసినా అంతే. తెల్లారగానే మొదలుపెట్టి టిఫిన్ టైముకి ఆపేయాలి, మళ్లీ నాలుగున్నర తర్వాతే. పొద్దుగూకాక మాత్రం గుట్టల్లో ఉండొద్దు. ఆ కొండల్లో ఎలుగుబంట్లు, చిరుతలు తిరుగుతాయి. 2025 మార్చిలో సనాపూర్ దగ్గర రాత్రిపూట బయట కూర్చున్న టూరిస్టుల మీద దుండగుల దాడి కూడా జరిగింది, ఆ వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది. సనాపూర్ చెరువు చూడ్డానికి ఎంత ప్రశాంతంగా ఉన్నా ఈతకు దిగొద్దు.

బస విషయంలో పాత పోస్టులు నమ్మొద్దు. వాటిలో హంపీకి ఎదురుగా ఏట్లో ఉన్న లంక విరూపాపుర గడ్డిలో దిగమని రాసి ఉంటుంది. 2020లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అక్కడి గెస్ట్‌హౌస్‌లు కూల్చేశారు. ఇప్పుడు క్లైంబింగ్‌కి వచ్చేవాళ్లు ఎక్కువగా తుంగభద్రకు ఉత్తరాన సనాపూర్, ఆనెగొంది వైపే ఉంటారు. విజయవాడ, గుంటూరు, నంద్యాల వైపు నుంచైతే అమరావతి ఎక్స్‌ప్రెస్ హోస్పేటలో దింపుతుంది. హైదరాబాద్ నుంచైతే గంగావతి బస్సు నయం, ఏరు చుట్టి రావాల్సిన పని ఉండదు. గంగావతి చుట్టుపక్కల మనవాళ్లు ఎప్పుడో వచ్చి వరి వేసుకుని స్థిరపడ్డ 'క్యాంపులు' బోలెడున్నాయి, కాబట్టి భాష గురించి టెన్షన్ అక్కర్లేదు, చాలాచోట్ల తెలుగులోనే పని జరిగిపోతుంది.

ఇక బ్యాగు. నలభై లీటర్లది చాలు, అది కూడా నింపకండి. ఎత్తు తక్కువ గుండ్లు ఎక్కే బౌల్డరింగ్‌కి తాడు ఉండదు, కింద పరిచే క్రాష్ ప్యాడ్ కావాలి, దాన్ని బస్సులో మోసుకెళ్లడం పెద్ద తలనొప్పి. ప్యాడ్, షూస్, చాక్ అక్కడే అద్దెకు దొరుకుతాయి, వెళ్లేముందు ఫోన్ చేసి మీ సైజు షూస్ ఉన్నాయో లేదో కనుక్కోండి. మీరు పట్టుకెళ్లాల్సింది వేళ్లకు చుట్టే టేపు, నెయిల్ కట్టర్ (గోళ్లు పెరిగి ఉంటే ఎక్కలేరు, అంతే), మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు, నీళ్ల సీసాలు.

కొత్తవాళ్లందరూ చేసే పని చేతులతో లాగడం. హంపీలో మొదట పలకలా వాలుగా ఉన్న బండ ఎంచుకోండి. బొటనవేలి అంచు చింతగింజంత బొడిపె మీద పెట్టి, మడమ కిందకు దించి, నడుము ఆ కాలి మీదకు తెచ్చి మెల్లగా లేవాలి. ఆ చిన్న గింజ మీద కాలు ఆగదని మనసు గోల పెడుతుంది. భయపడి ఒళ్లంతా బండకు అతుక్కుపోతే కాలు నిజంగానే జారుతుంది. ఎక్కేముందు గుండు చుట్టూ ఒకసారి తిరిగి దిగే దారెక్కడో చూసుకోండి, ఎందుకంటే ఎక్కాక దిగలేక పైన కూర్చుని కేకలు వేసేవాళ్లు ప్రతి సీజన్‌లో ఉంటారు. కింద నిలబడ్డవాళ్లు పడేవాణ్ని పట్టుకోవడానికి కాదు, తల, వీపు రాయికి తగలకుండా ప్యాడ్ మీదకు మళ్లించడానికి ఉండాలి. ప్యాడ్ అంచు మీద పడితే చీలమండ మెలికపడుతుంది, ట్రిప్ అక్కడితో అయిపోయినట్టే. ఇంకొకటి, గుడి గోడలు, మండపాలు, కోటరాళ్ల జోలికి పోవద్దు. అవి మన ఆటకు కాదు, పైగా నేరం.

తాడు, హార్నెస్ (నడుముకు కట్టుకునే పట్టీ) అలవాటు కావాలంటే దానికి హంపీ దాకా పోనక్కర్లేదు, భువనగిరి ఉంది. కోట ఉన్న ఆ ఏకశిల గుట్ట దగ్గరే రాక్ క్లైంబింగ్ స్కూల్ ఉంది. 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట శిక్షణ తీసుకున్నది అక్కడే. సికింద్రాబాద్ నుంచి కాజీపేట వైపు పోయే రైళ్లు ఆ ఊరి మీదుగానే వెళ్తాయి. ఒక శని, ఆదివారం అక్కడ గడిపితే ఎత్తంటే మీకెంత భయమో, ఎంత ఇష్టమో తేలిపోతుంది. తేలాకే హంపీ టికెట్లు బుక్ చేసుకోండి.

బాదామి మాత్రం ఈసారికి వదిలేయండి. అక్కడిది ఇసుకరాయి, ఎత్తైన గోడలు, బోల్టులు కొట్టిన రూట్లు. తాడును బోల్టులకు తగిలించుకుంటూ ముందు ఎక్కడం, కింద నుంచి బిలే ఇవ్వడం (ఎక్కేవాళ్ల తాడు పట్టి కాపాడటం) బాగా వచ్చినవాళ్లు తోడుంటేనే దానికి అర్థం ఉంటుంది. గ్రూపులో ఒకరు ఎలాగూ "ఇంత దూరం వచ్చి బాదామి చూడకపోతే ఎలా" అంటారు. గుహాలయాలు చూడాలని ఉంటే సరే, దానికి వేరే రోజు పెట్టుకోండి, క్లైంబింగ్ రోజుల్లోంచి మాత్రం కోయకండి.