ఇండియన్ ల్యాండ్ కౌలు పటాలు: ఆరు నెలల పని చిట్టా

మేము ఉంటున్న ఊరి పేరు ఇండియన్ ల్యాండ్. దక్షిణ కరోలినాలో లాంకాస్టర్ కౌంటీ ఉత్తరపు కొసన, షార్లెట్ నగరానికి ఆనుకుని ఉంటుంది. చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి కాబట్టి, ఆ పేరు మనవాళ్ల వల్లే వచ్చిందని మా అబ్బాయి నమ్మాడు. అది అమెరికా మూలవాసులైన కటాబా తెగ వల్ల వచ్చిన పేరు, వాళ్లు కౌలుకిచ్చి చివరకు పోగొట్టుకున్న నేల పేరు. వాడికి ఆ సంగతి మాటల్లో కాక, మా ఇంటి వెనక వాగు దగ్గర నిలబడి చూపించాలనిపించింది. ఒక్క పాత కౌలు పటమైనా తీసుకుని, నేటి నేల మీద సరిగ్గా కూర్చోబెట్టాలి. జనవరి నుంచి నా శనివారాలన్నీ దానికే పోతున్నాయి.

జనవరి

మొదటి నెలంతా చదువే. 1759–60లో మశూచి కటాబాల్లో సగానికి పైగా జనాన్ని తీసుకుపోయింది. మిగిలినవాళ్లకు 1763లో అగస్టా ఒప్పందం 15 మైళ్ల చదరాన్ని ఖాయం చేసింది, అంటే 1,44,000 ఎకరాలు. మరుసటి ఏడు శామ్యూల్ వైలీ దాన్ని కొలిచాడు. 1772లో రెండు కరోలినాల సరిహద్దు గీసేటప్పుడు ఈ చదరం చుట్టూ మలుపు తిప్పారు. ఫోనులో పటం తెరిచి షార్లెట్‌కు దక్షిణంగా చూస్తే రాష్ట్ర సరిహద్దు ఉన్నట్టుండి ఉత్తరానికి లేచి, కోణం తిరిగి కనిపిస్తుంది. ఆ కోణం చదరానిదే. రోజూ కారులో దాటే గీత అదని తెలిశాక, ఆ దారిన ఊరికే వెళ్లలేకపోతున్నాను.

ఆ నేలలోకి వచ్చినవాళ్లు ఎక్కువగా స్కాచ్-ఐరిష్ రైతులు. పెన్సిల్వేనియా నుంచి బండ్ల బాట పట్టుకుని దక్షిణానికి దిగారు. ఫోర్ట్ మిల్ ప్రాంతంలో థామస్ స్ప్రాట్ మొదటి కౌలుదారుల్లో ఒకడు. 1788 నాటికే అక్కడ యూనిటీ ప్రెస్బిటేరియన్ చర్చి నిలబడింది. వీళ్ల తాతముత్తాతలు ఐర్లండులో భూస్వాముల దగ్గర కౌలుకు చేసినవాళ్లు. ఆ కౌలు అలవాటు వీళ్లతోపాటు సముద్రం దాటిందనే అనుకుంటున్నాను.

ఫిబ్రవరి

ఈ పని మొదలుపెట్టేవాళ్లకు ముందే చెప్పాల్సింది ఒకటుంది. రాష్ట్రం ఇచ్చిన పట్టాల సూచికలో వెతికి నేను మూడు వారాలు పోగొట్టుకున్నాను. భూమి కటాబాలదే కాబట్టి 1840కి ముందు రాష్ట్రం పట్టా ఇచ్చే ప్రసక్తే లేదు. కౌలు కాగితాలు వేరు. రాష్ట్రం నియమించిన పర్యవేక్షకుల పటాలు, పుస్తకాలు రాజధాని కొలంబియాలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. కౌలు హక్కును కొడుకులకు రాసివ్వడం, మరొకరికి అమ్మడం కూడా ఉండేది కాబట్టి వీలునామాలు కూడా చూడాలి. పాతకాలపు కుటుంబాల కాగితాల కోసం రాక్ హిల్‌లోని విన్‌త్రాప్ విశ్వవిద్యాలయంలో ఉన్న లూయిస్ పెట్టస్ ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. చదివే గదిలోకి పెన్ను వద్దు, పెన్సిలే. పేజీ ఫొటో తీసే ముందు పెట్టె నంబరు, ఫోల్డరు నంబరు రాసిన చీటీని పక్కన పెట్టి తీయండి. తర్వాత ఏ ఫొటో ఎక్కడిదో వెతుక్కునే బాధ ఉండదు.

1808 చట్టం ఈ కౌళ్లకు ఒక పద్ధతి పెట్టింది. గడువు 99 ఏళ్లు, లేదా మూడు ప్రాణాలు. మూడు ప్రాణాల కౌలంటే కాగితంలో బతికున్న ముగ్గురి పేర్లు రాస్తారు, ఆ ముగ్గురిలో ఆఖరివాడు పోయేదాకా కౌలు నడుస్తుంది. పసిపిల్ల పేరు రాయిస్తే ఎంత కాలం సాగుతుందో ఊహించుకోవచ్చు. కటాబా పెద్దలు సంతకం చేయాలి, పర్యవేక్షకుడు సాక్షిగా ఉండాలి.

మార్చి, ఏప్రిల్

సుమారు రెండు వందల ఎకరాల చెక్క ఒకటి ఎంచుకున్నాను, ఒక వైపు వాగు ఉంది కాబట్టి. పటం అరచేయంత ఉంటుంది. మూలమూలనా చిన్న చెట్టు బొమ్మ, పక్కన నల్ల ఓకుకో హికరీకో పొడి అక్షరాలు. గీతల వెంట దిక్కు, దూరం. గీత అవతల పక్క కౌలుదారు పేరు. సర్వే శాఖలో పనిచేసి రిటైరైన మా నాన్నగారికి వీడియో కాల్‌లో చూపిస్తే కళ్లద్దాలు సర్దుకుని, "చెక్కుబందీ లాగే ఉంది కదమ్మా. ముందు వాగు దొరకబుచ్చుకో, గీతలు తర్వాత" అన్నారు.

దూరాలు చైన్లలో ఉన్నాయి. ఒక చైను 66 అడుగులు, వంద లింకులు. పది చదరపు చైన్లు ఒక ఎకరం. నాన్నగారు అప్పటికప్పుడు నోటిలెక్క వేశారు: వెయ్యి చదరపు లింకులు మన ఒక సెంటు, అర చైను చదరం తెలంగాణలో ఒక గుంట. అమెరికా అడవిలో లాగిన చైనూ మన ఊళ్లో చైన్‌మన్ లాగిన చైనూ ఒక్క కొలతే. ఆ పూట నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

లెక్క ఇలా వేశాను. ఒక్కో గీతకు ఒక వరుస. దూరాన్ని 66తో గుణించి, దిక్కు కోణం కొసైన్‌తో ఉత్తర దక్షిణాలు, సైన్‌తో తూర్పు పడమరలు. చివరి గీత మొదటి మూలకు తిరిగి రావాలి. నాకు నాలుగు చైన్ల దూరంలో ఆగిపోయింది. రెండు రాత్రులు కూర్చున్నాక తెలిసింది, ఒక 7ను 1గా చదివాను. దిద్దితే తేడా అరవై లింకులకు దిగింది. ఆనాటి కొలతకు అది మంచి ముగింపే.

తర్వాత పటం తిప్పడంలో పెద్ద పొరపాటు చేశాను. ఆనాటి దిక్కులు దిక్సూచివి, నిజమైన ఉత్తరానికి సంబంధించినవి కావు. ఇక్కడ ఇప్పుడు సూది సుమారు 8 డిగ్రీలు పడమటికి వాలుతుంది, నేను అదే తేడా వాడాను. వాగు ఎటూ సరిపడలేదు. 1810ల్లో ఇక్కడ సూది తూర్పుకే వాలేది. ఫెడరల్ సంస్థ నోవా (NOAA) వెబ్‌సైటులో ఏడాదీ ప్రదేశమూ ఇస్తే ఆనాటి తేడా చెప్పే కాలిక్యులేటర్ ఉంది, ఉచితం. ఆ కొద్ది డిగ్రీలు తూర్పుకు తిప్పేసరికి పటం మీది వాగు వంపు నేటి వాగు వంపు మీద కూర్చుంది.

మే

క్యూజీఐఎస్ (QGIS) అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో పటం కింద కౌంటీ వారి నేటి స్థలాల హద్దులు పెట్టి చూశాను. చెట్లు ఎప్పుడో పోయాయి, హద్దులు మాత్రం ఉన్నాయి. దక్షిణపు గీత ఇప్పటికీ ఒక కాలనీ వెనక కంచె. వంకర కోణంలో ఉన్న కంచె, పొడవాటి చెట్ల వరుస కనిపిస్తే ముందు అక్కడ వెతకండి. వాగు మాత్రం రెండు వందల ఏళ్లలో కొంచెం జరుగుతుంది, కాబట్టి ఒక్క వంపునే నమ్మకుండా మూడు చోట్ల సరిచూసుకోవాలి.

జూన్

పటం కుదిరాక మనసు కౌలు మొత్తాల మీదికి మళ్లింది. డబ్బుతోపాటు గుర్రాలు, పశువులు, బట్టలు కూడా శిస్తు కింద ఇచ్చేవారు. ఆ వస్తువుకు ధర కట్టేది కౌలుదారే. 1796లోనే సుమారు 500 ఎకరాలను శాలీ న్యూ రివర్ అనే కటాబా స్త్రీ పేరిట, తెగ స్త్రీల కోసం రాసిచ్చారు. పురుషులు సంతకాలు పెడుతూ పోతుంటే ఆ కాస్త నేలైనా ఆడవాళ్ల చేతిలో ఉండాలని ఎవరు ముందు అన్నారో వినాలని ఉంటుంది నాకు.

1830ల నాటికి చదరమంతా దాదాపు కౌళ్లలోకి వెళ్లింది. 1840 మార్చి 13న నేషన్ ఫోర్డ్ ఒప్పందంతో ఆ నేలంతా రాష్ట్రం చేతికి పోయింది. 5,000 డాలర్ల విలువైన భూమి వేరేచోట కొనిస్తామని, 2,500 రొక్కం, తొమ్మిదేళ్లు ఏటికి 1,500 ఇస్తామని రాశారు. అన్నీ కలిపితే 21,000 డాలర్లు, ఎకరానికి 15 సెంట్లు కూడా పడలేదు. 1842లో రాష్ట్రం కొనిచ్చింది 630 ఎకరాలు. కౌలుదారులకు మాత్రం 1840ల్లో పట్టాలు వచ్చాయి. ఫెడరల్ ప్రభుత్వం ఆమోదించని ఆ ఒప్పందం మీద కటాబాలు కోర్టులకు వెళ్లి, 1993లో 5 కోట్ల డాలర్ల పరిష్కారం సాధించారు.

పోయిన శనివారం మా అబ్బాయితో వాగు దగ్గరికి వెళ్లాను. 66 అడుగుల తాడు తీసుకుని, ఇంటివాళ్ల అనుమతి అడిగి, దక్షిణపు గీత వెంట మూడు చైన్లు కొలిచాం. తాడు కొస వాడు పట్టుకున్నాడు. ఆ కౌలు కాగితం నకలు నా సంచిలో ఉంది. కింద కౌలుదారు పేరు పూర్తిగా, చక్కటి దస్తూరీలో. భూమి గలవాళ్ల పేర్లను గుమాస్తా రాశాడు, పక్కన వాళ్లు పెట్టిన గీట్లు. ఒకటి చిన్న కొక్కెంలా వంగి ఉంది. "ఇది ఎవరిదమ్మా?" అని అడిగాడు. వచ్చే నెల కొలంబియా వెళ్లినప్పుడు మిగిలిన కాగితాల్లో ఆ కొక్కెం ఎన్నిచోట్ల ఉందో, పక్కన ఏ పేరుందో రాసుకురావాలి.